బొమ్మ మనది, హక్కు ఎవరిది?

దళితుల మీద తెలుగులో వచ్చిన పుస్తకాల లోపలి పేజీల గురించి కావలసినంత చర్చ జరిగింది. అట్టల గురించి జరగలేదు. అట్ట మీద ఉన్న మనిషి ఎవరు? ఆ బొమ్మ తీసింది ఎవరు? అచ్చువేసేముందు ఎవరిని అడిగిండ్రు? ఈ మూడు ప్రశ్నలు మన విమర్శలోకి దాదాపుగా రాలేదు. ఎవరి వస్తువు, ఎవరి దృక్పథం, ఎవరి భాష అని కథనూ కవితనూ నిలదీసిన మనం ఫోటో దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకున్నం. ఆ మౌనాన్ని ప్రశ్నించడానికే ఈ వ్యాసం.

హసన్‌పర్తిలో మా వాడకు ఒక పుస్తకం వచ్చింది. వ్యవసాయ కూలీల మీద ఒక సంస్థ వేసిన పరిశోధన గ్రంథం అది. అట్ట మీద నాటు వేస్తున్న ఒక ఆడమనిషి. నడుము వంగి ఉంది, చేతిలో నారు కట్ట, మొఖం మాత్రం కెమెరా వైపు. ఆమె మాకు వరుసకు పెద్దమ్మ అవుతది. లోపల బొమ్మ వివరం దగ్గర ‘దళిత స్త్రీ, వరంగల్ జిల్లా’ అని ఉంది. దాని కిందనే సర్వహక్కులు ఫలానా వారివి అని ఉంది. బొమ్మ తీసినాయన పేరుంది, పుస్తకం వేసిన సంస్థ పేరుంది, డబ్బులిచ్చిన సంస్థ పేరుంది. మా పెద్దమ్మ పేరు మాత్రం ఎక్కడా లేదు.

పుస్తకం తీస్కపోయి చూపిస్తే ఆమె చాలాసేపు చూసింది. “గిది చెరువు కింది మడి గదా. ఆ పొద్దు కైకిలికి వోయినం. ఒకాయన గట్టు మీద నిలబడి ఇటు జూడు అవ్వా అన్నడు. చూసిన. పేరు అడగలే” అన్నది. కొంచెం ఆగి, “నాకొకటి తీసియ్యరాదు బిడ్డా, గోడకు పెట్టుకుంట” అన్నది.

అప్పటికే మేము కొందరం కలిసి వాడ చరిత్ర మీద చిన్న పుస్తకం వేసే పనిలో ఉన్నం. అందులో ఈ ఫోటోను ఆమె పేరుతో వేయాలనుకున్నం. పద్ధతిగా ఉత్తరం రాసినం. జవాబు కూడా పద్ధతిగానే వచ్చింది. ఇంత రుసుము కట్టాలె, బొమ్మ కింది రాత మార్చొద్దు. వాళ్లడిగిన రుసుము మా పుస్తకం మొత్తం అచ్చు ఖర్చుకు దగ్గర దగ్గరగా ఉంది. ఇక రాత మార్చొద్దంటే, ‘దళిత స్త్రీ’ అన్నచోట ఆమె పేరు రాయొద్దని అర్థం. యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేము. ఎన్నో సెమినార్లలో ఎన్నో సంగతులు వివరించినం. నీ బొమ్మను నీ పేరుతో వేసుకోవడానికి ఇంకొకరి పర్మిషన్ కావాలె అన్న సంగతి పెద్దమ్మకు ఎట్లా వివరించాలో మాత్రం మాకు తెల్వలేదు.

ఇక్కడ కోపం తెచ్చుకోవడం సులువే. కానీ కోపం ఒక్కటే సరిపోదు. వాళ్లు చట్టం మాట్లాడినప్పుడు మనకు కూడా చట్టం తెలిసి ఉండాలె. తెలియకపోతే రెండు తప్పులు చేస్తాం. అడగాల్సిన చోట అడగం, అడగనక్కర లేని చోట భయపడి ఆగిపోతాం. మన పత్రికలు ఈ రెండు తప్పులూ చేస్తూ వచ్చినయి.

చట్టం ఎవరిని గుర్తుపడుతది?

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం ఫోటో, చిత్రం, శిల్పం, గీసిన బొమ్మ, పటం అన్నీ కళాఖండాలే. అందులో కళ ఉందా లేదా అన్నది చట్టానికి పట్టదు. ఫోటోకు కర్త అంటే తీసిన మనిషి, మామూలుగా తొలి యజమాని కూడా అతడే. కానీ 17వ సెక్షన్ దీనికి కొన్ని మినహాయింపులు పెట్టింది. అసలు రాజకీయమంతా అక్కడే ఉంది.

ఒకటి. ఎవరైనా పైసలిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు, తీయించుకున్న మనిషే తొలి యజమాని. స్టూడియోలో పైసలు కట్టి దిగిన పెండ్లి ఫోటో మీద హక్కు స్టూడియో వాళ్లది కాదు, కట్టినవాళ్లది. ఈ సంగతి మనోళ్లలో చాలామందికి తెల్వదు. అమ్మానాయినల పాత ఫోటో పుస్తకంలో వేయాలంటే స్టూడియో ముద్ర చూసి భయపడే పని లేదు.

రెండు. పత్రికలో ఉద్యోగం చేస్తూ ఆ పత్రిక కోసం తీసిన ఫోటో. పత్రికల్లో అచ్చువేసేంతవరకే దాని మీద యజమానికి హక్కు. వేరే ఒప్పందం లేకపోతే మిగతా అన్ని రకాలుగా హక్కు తీసిన మనిషిదే. 1985 జులై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు హత్యాకాండలకు సంబంధించిన పత్రికా ఫోటోలను పుస్తకంలో వేసేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలె. పత్రిక ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి ఊరుకుంటే చాలదు. ఆనాడు ఆ ఊరికి పోయిన విలేఖరి, ఫోటోగ్రాఫర్ ఎవరో వెతకాలె.

మూడు. ఇతర సంస్థల్లో ఉద్యోగంలో భాగంగా తీసినవి. అవి జీతం ఇచ్చే సంస్థవి.

అంటే చట్టం ముగ్గురిని గుర్తుపడుతది. తీసినవాణ్ని, పైసలిచ్చినవాణ్ని, జీతమిచ్చినవాణ్ని. ఫోటోలో ఉన్న మనిషి ఈ ముగ్గురిలో లేడు. పైసలిచ్చే తాహతు ఉంటేనే తన బొమ్మ మీద తనకు హక్కు. కైకిలికి పోయిన మనిషికి ఆ తాహతు ఎక్కడిది? ఆస్తి లేనివాళ్లకు బొమ్మ మీద కూడా ఆస్తి లేదన్నమాట. భూమి విషయంలో మనం చూసిందే ఇక్కడా చూస్తున్నం. దున్నేవాడు ఒకడు, పట్టా ఇంకొకడిది.

పాత కొలతలు

మన బొమ్మలు తీయడం ఇయాల మొదలైంది కాదు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి తోడ్పాటుతో, దక్షిణ భారత కులాలు–తెగల మీద 7 సంపుటాలు 1909లో తెచ్చిండు. మాల, మాదిగల గురించి కూడా అందులో ఉంది. ముక్కుల పొడవు వెడల్పులు కొలిచి మనుషులను వర్గీకరించిన పద్ధతి అది. ఆ పద్ధతిలో మనిషి ఒక ‘నమూనా’. నమూనాకు పేరక్కర లేదు. మా పెద్దమ్మను ‘దళిత స్త్రీ’ అని రాసినవాళ్లు థర్‌స్టన్‌ను తిట్టే వ్యాసాలు కూడా రాసి ఉంటరు. పద్ధతి మాత్రం అదే. కులం పేరు పోయి గౌరవంగా వినబడే పేరు వచ్చింది, మనిషి పేరు మాత్రం రాలేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో 1850లో లూయీ అగాసీ అనే హార్వర్డ్ ప్రొఫెసర్, నల్లజాతి వాళ్లు తక్కువ జాతి అని నిరూపించుకోవడానికి, సౌత్ కరోలినాలో బానిసలుగా ఉన్న మనుషులను బట్టలిప్పించి ఫోటోలు తీయించిండు. వారిలో రెంటీ, ఆయన బిడ్డ డీలియా ఉన్నారు. రెంటీ తన పూర్వీకుడని చెప్పిన టమారా లానియర్ ఆ ఫోటోలు తమకు ఇవ్వాలని 2019లో హార్వర్డ్ మీద కేసు వేసింది. 2022లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం, ఫోటోలో ఉన్నంత మాత్రాన ఆ ఫోటో మీద ఆస్తి హక్కు రాదని చెప్పింది. అయితే ఆమె పట్ల విశ్వవిద్యాలయం ప్రవర్తించిన తీరు వల్ల కలిగిన మనోవేదన మీద దావా నడపొచ్చన్నది. చివరికి 2025లో రాజీ కుదిరింది. ఆ బొమ్మలు హార్వర్డ్ చేయి దాటి చార్లెస్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి పోయేటట్టు ఒప్పుకున్నరు. ఆస్తి చట్టం తలుపు మూసినా గౌరవం అన్న ప్రశ్న ఇంకో తలుపు తెరిచింది. మనకు ఇందులో పాఠం ఉంది.

అడగనక్కర లేని చోట్లు

ఇక రెండో తప్పు, భయం. ‘సర్వహక్కులు’ అన్న మాట చూడంగనే మన విద్యార్థులు థీసిస్‌లోంచి బొమ్మలు తీసేస్తున్నరు. ఆ మాట రాసినంత మాత్రాన లేని హక్కు పుట్టదు.

కాలం తీరిన బొమ్మలకు ఎవరి అనుమతీ అక్కర లేదు. 2012 సవరణ దాకా ఫోటోకు అచ్చయిన నాటి నుంచి 60 ఏళ్ల గడువుండేది. ఆ సవరణతో అది తీసిన మనిషి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లుగా మారింది. ఆనాటికే గడువు తీరిన హక్కు తిరిగి లేవదు. కాబట్టి 1951 దాకా అచ్చయిన ఫోటోలు మన దేశంలో అందరివీ అని మా పఠనం. భాగ్యరెడ్డి వర్మ (1888–1939) బతికున్న కాలంలో అచ్చయిన ఫోటోలు, థర్‌స్టన్ సంపుటాల్లోని బొమ్మలు ఈ లెక్కలోకే వస్తయి. 1956 అక్టోబర్ 14 నాగపూర్ దీక్ష నాటి ఫోటోలకు మాత్రం ఈ లెక్క చాలదు. తీసినవాళ్లు ఎప్పుడు చనిపోయిండ్రో చూడాలె. అంబేద్కర్ రచనల సంగతి వేరే. ఆయన 1956 డిసెంబర్ 6న పోయిండు. ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనల మీద హక్కు 2016తో ముగిసింది. 2017 జనవరి 1 నుంచి అవి అందరివి. రచన అందరిదైతే దాని పక్కన వేసిన ఫోటో కూడా అందరిదే అనుకోవద్దు.

ఊరూరా కూడలిలో ఉన్న అంబేద్కర్ విగ్రహాన్ని ఫోటో తీసి అచ్చువేయడానికి శిల్పిని అడగక్కర లేదు. జనం తిరిగే చోట శాశ్వతంగా నిలిపిన శిల్పానికి 52వ సెక్షన్ ఈ వెసులుబాటు ఇచ్చింది. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహానికైనా, మా ఊరి సిమెంటు విగ్రహానికైనా చట్టం ఒక్కటే. కానీ ఇంకొకరు తీసిన ఆ విగ్రహం ఫోటోను వాడుకోవాలంటే ఆ ఫోటో తీసినాయనను అడగాలె. పోయి మనమే తీసుకుంటే గొడవ లేదు. గోడ మీది చిత్రాలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. అది శిల్పాలకు, చేతిపని కళాకృతులకు చెప్పింది.

పాఠం చెప్పడంలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ బొమ్మను నకలు తీసుకోవచ్చు. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గరి జిరాక్సు దుకాణం మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ హక్కును విశాలంగానే చదివింది. సొంత పరిశోధన కోసం, విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకోవడానికి కూడా చట్టం ఒప్పుకుంటది. కానీ ఇక్కడ ఒక గీత ఉంది. మనం ఆ బొమ్మ గురించి మాట్లాడుతున్నమా, ఆ బొమ్మతో సింగారించుకుంటున్నమా? లోపలి పేజీలో బొమ్మ వేసి, అందులో ఏముందో, ఏం దాచిండ్రో రాస్తే అది విమర్శ. అదే బొమ్మను అట్ట మీద వేసి పుస్తకం అమ్మితే దాన్ని విమర్శ అనలేం. థీసిస్‌లో నడిచింది, థీసిస్ పుస్తకమై అంగట్లోకి వచ్చినప్పుడు నడవకపోవచ్చు. ఈ గీత తెలిస్తే మన భయం సగం పోతది.

పర్మిషన్‌తో తీరని ప్రశ్న

2012 మేలో పార్లమెంటులో జరిగిన రగడ గుర్తుచేసుకుందాం. ఎన్‌సీఈఆర్‌టీ 2006లో తెచ్చిన పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో శంకర్ 1949లో గీసిన కార్టూన్ ఉంది. నత్త మీద అంబేద్కర్, వెనక కొరడాతో నెహ్రూ. రాజ్యాంగ రచన నత్తనడక నడుస్తున్నదని వ్యంగ్యం. అభ్యంతరాలు రావడంతో దాన్ని తీసేస్తామన్నరు, పుస్తక సలహాదారులు రాజీనామా చేసిండ్రు. ఒక పక్క భావప్రకటన స్వేచ్ఛ అన్నరు, ఇంకో పక్క అవమానం అన్నరు. శంకర్ 1989 దాకా బతికిండు కాబట్టి ఆ కార్టూన్ మీద హక్కు ఇంకా బతికే ఉంది. కానీ ఆ రగడలో హక్కుదారు ఒప్పుకున్నడా లేదా అన్నది ఎవరికీ ప్రశ్న కాలేదు. హక్కుదారు ఒప్పుకున్నా కొరడా కొరడానే. క్లాసులో కూర్చున్న దళిత పిల్లకు ఆ కొరడా ఎట్లా కనబడుతదన్నది కాపీరైట్ చట్టం జవాబు చెప్పగల ప్రశ్న కాదు.

దీనికి మంచి జవాబు ఒక తెలుగు పరిశోధకుడి నుంచే వచ్చింది. విజయవాడ నుంచి జేఎన్‌యూ దాకా పోయిన ఉన్నమటి శ్యామ్‌సుందర్, 1932 నుంచి 1956 దాకా ఆంగ్ల పత్రికల్లో అంబేద్కర్ మీద వచ్చిన కార్టూన్లను తవ్వితీసి 2019లో పుస్తకం తెచ్చిండు. కార్టూన్ పక్కన సందర్భం, సందర్భం పక్కన విమర్శ. బొమ్మను దాచలేదు, నిషేధించమనలేదు. చూపించి నిలదీసిండు. అదే బొమ్మ పాఠ్యపుస్తకంలో అలంకారమైంది, ఇక్కడ సాక్ష్యమైంది. 52వ సెక్షన్‌లో విమర్శకు చోటు ఎందుకు ఉండాల్నో ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. ఇంకొకరి బొమ్మను చూపకుండా ఆ బొమ్మ మనకు చేసిన అవమానాన్ని ఎట్లా రుజువు చేస్తం? అడుగడుగునా హక్కుదారు అనుమతి కావాలంటే, అవమానించినవాడి అనుమతితోనే అవమానం గురించి రాయాల్సి వస్తది.

మన వైపు వేలు

ఇంతదాకా ఎదుటివాళ్ల గురించి చెప్పినం. ఇప్పుడు మన గురించి. మా సంగతే ముందు ఒప్పుకుంటం. పెద్దమ్మ ఫోటో గొడవకు ముందు మేము వేసిన ఒక సంచిక అట్ట మీద డప్పు కొడుతున్న ఒక ముసలాయన బొమ్మ వేసినం. ఎవరు తీసిండ్రో తెల్వదు, ఎవరిదో తెల్వదు. ‘మనోళ్లదే గదా’ అనుకున్నం. ‘మనోళ్లదే’ అన్న మాట ఎంత తియ్యగుంటదో అంత ప్రమాదం. దొర కూడా మా ఊరోళ్లే గదా అనే వెట్టి చేయించుకున్నడు.

అంబేద్కర్ పటం పట్టుకుని నడిచిన రోహిత్ వేముల ఫోటో 2016 నుంచి ఎన్ని గోడల మీద, ఎన్ని పోస్టర్ల మీద, ఎన్ని అట్టల మీద కనబడింది? మేము చూసినవాటిలో దాన్ని తీసిన మనిషి పేరు ఒక్కదాని మీద లేదు. ఫోటో చూసి బొమ్మ గీసినా అది ఆ ఫోటోకు రుణపడే ఉంటది. ఉద్యమాల వెంట తిరిగి ఫోటోలు తీసేవాళ్లలో మన పిల్లలు చాలామంది ఉన్నరు. వాళ్ల పేరు తీసేసి వాడుకుంటున్నది కూడా మనమే. తన రచన మీద తన పేరుండాలనే హక్కు కర్తకు 57వ సెక్షన్ ఇచ్చింది. హక్కు అమ్ముకున్నా ఈ హక్కు పోదు. అజ్ఞాతంగా చెప్పులు కుట్టిన చేతులమని చెప్పుకునే మనం ఇంకొకరి చేతిని అజ్ఞాతం చేయొచ్చునా?

చేర్యాల పటాల విషయం చూడండి. పటం గీసేది నకాషీలు, చెప్పేది కులాశ్రిత కళాకారులు. మాదిగల జాంబపురాణం డక్కలివాళ్లు చెప్తరు. పటం వాళ్లు పైసలిచ్చి గీయించుకునేది. 17వ సెక్షన్ లెక్కన ఈ కాలపు పటమైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కు గీయించుకున్న డక్కలి కుటుంబానిది. మరి జాంబపురాణం పటం ఫోటోను పుస్తకంలో వేసిన పరిశోధకుల్లో ఎంతమంది ఆ కుటుంబాన్ని అడిగిండ్రు? మ్యూజియానికో, ఫోటోగ్రాఫర్‌కో కృతజ్ఞత చెప్పి ఊరుకున్నరు. చట్టం మన వైపున్న అరుదైన చోట కూడా మనం దాన్ని వాడుకోలేదు.

రెండు అనుమతులు

కాబట్టి మేము రెండు అనుమతులు అంటున్నం. ఒకటి చట్టం అడిగేది. హక్కుదారును వెతకాలె, రాతలో తీసుకోవాలె. అందులో ఏ పనికి, ఎన్ని కాపీలకు, ఎంత కాలానికి అన్నది రాయించుకోవాలె. కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తది, చోటు రాయకపోతే భారతదేశం వరకే. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు రాసి ఉంది. అది పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. లాభం కోసం చేయని పనికి శిక్ష తగ్గించే వీలుంది గానీ, చిన్న పత్రికకు కేసు తిరగడమే ఒక శిక్ష.

రెండోది చట్టం అడగనిది. బొమ్మలో ఉన్న మనిషిని అడగడం. వాళ్లకు పుస్తకం చూపించి, వాళ్ల పేరు ఎట్లా రాయాల్నో, అసలు రాయాల్నా వద్దా అని అడిగి, వాళ్లకొక కాపీ ఇవ్వడం. పేరు రాయడం అన్ని చోట్లా గౌరవం కాదు. లైంగిక దాడికి గురైన మనిషిని గుర్తుపట్టేటట్టు బొమ్మ గానీ పేరు గానీ వేయడం నేరం. దాడి జరిగిన ఊళ్లో సాక్షి మొఖం అట్ట మీద వేస్తే ఆ మనిషి ప్రాణం మీదికి తెచ్చినట్టే. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి గోప్యతను ప్రాథమిక హక్కన్నది. ఆ హక్కు మేడల్లో ఉండేవాళ్లకే కాదు, మడిలో నిలబడ్డ మనిషికి కూడా ఉన్నది. శవాల ఫోటోలు వేసేముందు ఇంటివాళ్లను ఒక్క మాట అడగడం మన పత్రికలు అలవాటు చేసుకోవాలె.

మొదటి అనుమతి లేకపోతే కేసు అవుతది. రెండోది లేకపోతే ఏ కేసూ కాదు. అందుకనే దాన్ని మరింత గట్టిగా పట్టుకోవాలె. కేసు కానిదంతా న్యాయం కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

మా వాడ పుస్తకంలో చివరికి ఆ అట్ట బొమ్మ వేయలేదు. మాలో ఒకరం కెమెరా తీసుకుని పెద్దమ్మ ఇంటికి పోయినం. ఎట్లా దిగుతవు అని అడిగినం. నాటు వేస్తున్నట్టు వద్దన్నది. కొత్త చీర కట్టుకుని, గద్దె మీద కూర్చుని, మనుమరాలి పుస్తకం ఒకటి ఒళ్లో పెట్టుకుని దిగింది. “చదువు రాదు గదా పెద్దమ్మా” అంటే, “ఫోటోకు తెలుస్తదా” అన్నది. బొమ్మ కింద ఆమె చెప్పినట్టే పేరు, ఇంటిపేరు రాసినం.

ఆ ఫోటో అచ్చయిన పుస్తకం ఇప్పుడు ఆమె ఇంట్లో ఉంది. మొదటి ఫోటో మాత్రం ఇంకా ఎక్కడో లైబ్రరీల్లో ‘దళిత స్త్రీ’గానే నాటు వేస్తూ ఉంది. దాని కింద పేరు రాసే హక్కు ఎవరిదన్న ప్రశ్న ఇంకా తేలలేదు. ఈ పత్రిక చదివే విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు తమ అల్మారాల్లోని అట్టలను ఒకసారి బయటికి తీసి చూడాలని, చూసింది రాయాలని కోరుతున్నం. చర్చ అక్కడి నుంచి మొదలవ్వాలె.